వెలుగు వాటం

త్రినాథ్‌కి కావలసింది ఒక్క ముక్క. అవునో, కాదో. ఆ ఒక్క ముక్క తెలీక నాలుగేళ్ళుగా మనిషి మనిషిలా లేడు. అడిగేస్తే పోయేదానికి ఇంత కథ ఎందుకని మీకు అనిపిస్తే తప్పు మీది కాదు. అడగనని మాటిచ్చి, ఇచ్చిన మాట పట్టుకుని కూర్చున్న వెర్రిబాగులవాడు అతను.

ఆ ముక్క తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. పేరు విశాలి. ఇవాళ పొద్దుటి బండికి కోటబొమ్మాళిలో దిగుతోంది. మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఈ ఊరు రావలసిన అవసరం ఆమెకి ఉండదు, ఎందుకంటే వస్తున్నదే ఇక్కడి పనికి మంగళం పాడటానికి.

త్రినాథ్ తెల్లవారకుండానే లేచి నూతి దగ్గర స్నానం చేసి, పెట్టెలోంచి తెల్ల చొక్కా తీసి తొడుక్కున్నాడు. వాళ్ళమ్మ చిన్నతల్లి రాగుల సోడంబలి గిన్నె ముందు పెట్టి ఎగాదిగా చూసింది.

"ఏటిరా, తెల్లసొక్కా ఏసినావు? పెళ్ళిసూపులకేటి?"

"ఆఫీసోల్లు వస్తన్నారమ్మా."

"ఆఫీసోల్లొస్తే తలకి ఇంత నూనె రాస్తారేటి! ఓలబ్బా, నాకు సెప్పకు. నాకేటీ తెల్దు."

ఆవిడకి నిజంగానే ఏమీ తెలీదు. మూడు సంబంధాలు వెతికి తెస్తే మూడింటికీ వంక పెట్టిన కొడుకు మనసులో ఏముందో కనుక్కోలేక, ఆ గదిలో మిషనుతో సావాసం చేసి గుంటడు పాడైపోయాడని వీధంతా చెప్పుకుంటూ ఉంటుంది. అందులో కొంత నిజమే.

ఆ గది ఊరవతల పంటకాలువ గట్టు మీద ఉంది. గదిలో ఒక పెట్టె. పెట్టెలోంచి వెంట్రుకంత సన్నటి గాజుపోగు నల్లటి తొడుగులో దూరి, గట్టు వెంబడే మైలు దూరం పోయి, గెడ్డ మీద పాత వంతెనకి అంటుకుని ఉంటుంది. వంతెన ముసలిది. వరదొచ్చినప్పుడు దాని కాళ్ళు ఎంత వణుకుతున్నాయో ఆ పోగు వింటుంది. పోగులో వెలుగు పరుగెడుతూ ఉంటుంది. వంతెన కదిలితే వెలుగు కాస్త తడబడుతుంది. ఆ తడబాటుని పెట్టె శబ్దంగా మార్చి హెడ్‌ఫోన్లో వినిపిస్తుంది. ఒక యూనివర్సిటీవాళ్ళ ప్రయోగం అది. దాన్ని కనిపెట్టుకుని ఉండటానికి ఊళ్ళో డిప్లొమా చదివినవాడు కావాలంటే త్రినాథ్ దొరికాడు. మడిలో దిగబడాల్సినవాడికి నీడపట్టున ఉద్యోగం వచ్చిందని చిన్నతల్లి అప్పట్లో సంబరపడింది కూడా.

పెట్టెని కట్టింది విశాలి. అప్పుడు రిసెర్చి చేస్తుండేది. విజయనగరంలో వాళ్ళ నాన్న భావనారాయణగారు మృదంగం చెప్తారు. ఇంట్లో అందరిదీ పాటో వాయిద్యమో అయితే ఈమె ఒక్కతే ఫిజిక్సులో పడింది. పడినా చెవి ఎక్కడికి పోతుంది? పెట్టెని కూడా వాయిద్యంలాగే చూసేది.

వచ్చిన మొదటి వారంలోనే ఒకరోజు గట్టు మీద గేదెని కట్టే పలుపు తాడు ఒకటి తీసుకుని ఒక కొస త్రినాథ్ చేతికిచ్చింది. అప్పుడింకా మీరు అనేది.

"చూడండి, ఇలా పైకీ కిందకీ ఊపితే ఒక అల. ఇలా పక్కలకి ఊపితే ఇంకో అల. వెలుగు కూడా ఇలా ఊగుతూనే పోతుంది. ఆ ఊగే తీరుని పోలరైజేషన్ అంటారు. మీరు వాటం అనుకోండి, చాలు. పెట్టెలో వెలుగుని రెండు పాయలు చేశాను. ఒకటి వంతెన దాకా పోయి వస్తుంది. రెండోది ఇక్కడే, ఈ చుట్టలో తిరుగుతుంది. చివర్లో రెండూ కలుస్తాయి. రెండిటి వాటం ఒకటే అయితే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అప్పుడే మనకి వినిపిస్తుంది."

"పట్టుకోకపోతేనో?"

"ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా ఊగుతూ వచ్చాయనుకోండి. ఒకే దారిలో, పక్కపక్కనే ఉంటాయి. మీటరు చూస్తే వెలుగు నిండుగా ఉందనే అంటుంది. కానీ ఒకదానికొకటి తగలవు. మీకు ఏమీ వినపడదు."

త్రినాథ్‌కి ఆ మాట బాగా నచ్చింది. నచ్చిందంటే అర్థమైందని కాదు. చెప్తున్నప్పుడు ఆమె రెండు చేతులూ గాలిలో అలలు వేస్తుంటే చూస్తూ ఉండిపోయాడు, అంతే.

ఆ గాజుపోగు మహా సుకుమారం. ఎండకి, చలికి, ఎక్కడైనా కాస్త నొక్కుకున్నా మెలిక పడినా లోపలి వెలుగు వాటం మారిపోతుంది. అందుకని పెట్టె పక్కన మూడు చిన్న రెక్కలుండేవి. పోగు వాటి చుట్టూ తిరిగి లోపలికి పోతుంది. రెక్కల్ని అటో ఇటో వంచితే వాటం మళ్ళీ సరిపోతుంది. వారానికోసారి విశాలి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ రెక్కల్ని వేలికొసలతో వంచేది. శ్రుతి చేస్తున్నాను, మాట్లాడకండి అనేది. శ్రుతి కుదిరిందంటే ఆమె మొహంలో తెలిసిపోయేది. త్రినాథ్ పెట్టె కేసి చూసిన పాపాన పోలేదు, ఆ మొహమే చూసేవాడు.

లైను బాగుందో లేదో తెలియాలంటే ఒకరు వంతెన దగ్గరికి వెళ్ళి పోగు మీద వేలితో కొట్టాలి. ఇంకొకరు గదిలో కూర్చుని వినాలి. మామూలుగా కొడితే ఏ లారీ దడదడో, ఏ బండి చక్రమో అని అనుమానం వస్తుంది. అందుకని విశాలి మిశ్రచాపు తాళంలో, ఏడేసి దెబ్బలుగా కొట్టేది. తకిట తకధిమి, తకిట తకధిమి.

"ఏ లారీ మిశ్రచాపులో నడవదు కదా," అంది ఒకసారి నవ్వుతూ.

త్రినాథ్ కూడా నేర్చుకున్నాడు. మొదట్లో తడబడేవాడు, అతను కొడుతుంటే ఆమె ఫోను చేసి, "అదేమిటి, కుంటుతున్నారు?" అని ఏడిపించేది. తరవాత తరవాత ఫోన్లు ఆగిపోయి లైను మీదే కబుర్లు సాగాయి. అతను వంతెన దగ్గర కొడితే, ఆమె గది బయటికి వచ్చి గట్టు మీద చున్నీ ఊపేది. ఆమె కొడితే అతను ఊపడానికి చున్నీ లేక తువ్వాలు ఊపేవాడు. యూనివర్సిటీవాళ్ళు జీతం ఇచ్చింది దీనికి కాదని ఇద్దరికీ తెలుసు. మీరు నువ్వు అయింది. ఎప్పుడైందో ఇద్దరిలో ఎవరూ చెప్పలేరు.

ఆ ఏడాది దసరాకి ముందు, కాలువలో నీళ్ళకేసి చూస్తూ త్రినాథ్ అడిగేశాడు.

"మనం పెళ్ళి సేసుకుందుమా?"

విశాలి గట్టు మీది గడ్డిపరక ఒకటి తెంపింది. ఇంటి దగ్గర ఆమెకో సంబంధం అనుకుంటున్నారు. దసరా వెళ్ళిన మంగళవారం జరిగే సిరిమాను పండక్కి విజయనగరం వెళితే అక్కడ ఏదో ఒకటి చెప్పెయ్యాలి. గుళ్ళో కచేరీలు చేసే ఇల్లు వాళ్ళది. మడి దున్నే ఇంటివాణ్ణి చేసుకుంటానంటే నాన్నగారు మృదంగం పక్కన పెట్టి ఎన్నాళ్ళు మౌనంగా కూర్చుంటారో ఆమెకి తెలుసు.

"నోటితో చెప్పలేను, త్రినాథ్. చెప్పాక ఏడుపొస్తుంది. సోమవారం పొద్దుటి బండికి వెళ్తాను. స్టేషనుకి వంతెన మీంచే కదా పోవాలి. అవునైతే అక్కడ ఆగి కొడతాను. విన్నావా, నువ్వు స్టేషనుకి వచ్చెయ్. ఇద్దరం వెళ్ళి నాన్నగారికి చెప్దాం. కొట్టలేదనుకో, ఎందుకని అడక్కు. ఎప్పుడూ అడక్కు. ఒట్టు వెయ్యి."

"ఏస్తాను. మరి నాను రాకపోతేనో?"

"నేనూ అడగను."

ఫోన్లు లేవా వీళ్ళకి, అంటారు మీరు. ఉన్నాయి, నిక్షేపంలాంటి ఫోన్లు. కానీ ఏడాదిపాటు లైను మీద మాట్లాడుకున్నవాళ్ళకి ఇంత పెద్ద మాట ఫోనులో చెప్పుకోవడం చిన్నతనంగా తోచింది. వయసు అలాంటిది. ఏం చేస్తాం.

దసరా నాడు చిన్నతల్లి నాగలికి, కొడవళ్ళకి, నీళ్ళ మోటారుకి పసుపు రాసి బొట్లు పెట్టి పసుపు దారాలు కట్టింది. ఒక దారం మిగిలితే కొడుకు చేతిలో పెట్టింది.

"నీకు కూడు పెడతన్నదానికి నువ్వు కట్టుకోవాల. కట్టినాక తెంపకూడదు, దానంతటది ఊడాల."

రేపో ఎల్లుండో కాదు, అప్పుడే వెళ్ళి కట్టి వచ్చాడు త్రినాథ్. ఆరోజు విశాలి సెలవు.

ఇక ఆ సోమవారం. రాత్రి జల్లు కురిసింది. గదిలో గోడలు కూడా చెమ్మగిల్లాయి. త్రినాథ్ చీకటుండగానే వచ్చి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. మీటరు చూశాడు, వెలుగు నిండుగా ఉంది. లైను బాగుందనుకున్నాడు. కూర్చున్నాడు. తకిట తకధిమి కోసం ఒళ్ళంతా చెవి చేసుకుని కూర్చున్నాడు. బండి టైము దాటింది. బండి కూత వినపడలేదు గనక లేటన్నమాట, ఇంకా బయల్దేరలేదేమో అనుకున్నాడు. వెళ్ళి చూద్దామా అంటే, తను హెడ్‌ఫోన్లు తీసిన ఆ నిమిషంలోనే కొడితేనో? లేవలేదు. మంచినీళ్ళకి కూడా లేవలేదు. రెండు గంటలు పోయాక హెడ్‌ఫోన్ల బయట నుంచి బండి కూత వినిపించింది. వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది.

విశాలి మళ్ళీ ఆ గదికి రాలేదు. పని యూనివర్సిటీ నుంచే చూసుకుంటానని రాయించుకుంది. ఎండాకాలంలో ఆఫీసువాళ్ళ గ్రూపులో శుభలేఖ వచ్చింది. త్రినాథ్ అందరితోపాటు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఒట్టు వేశాడు కాబట్టి అడగలేదు. కానీ ఆమె కొట్టలేదన్నది ఎందుకో అతని మనసు ఒప్పుకోలేదు. ఆమె చున్నీ ఊపిన చేయి, కాదనే చేయిలా ఎప్పుడూ అనిపించలేదు. రోజూ గదికి వచ్చి దుమ్ము దులిపేవాడు. ఆ మూడు రెక్కల మీద మాత్రం చేయి పడనిచ్చేవాడు కాదు, నోటితో ఉఫ్ అని ఊదేవాడు.

మిషను కూడా అప్పట్నుంచే పేచీ మొదలెట్టింది. చెమ్మ ఉన్న పొద్దుల్లో నోరు మూసుకునేది. ఎండెక్కితే మళ్ళీ మాట్లాడేది. ఎవరెవరో వచ్చారు, ఏవేవో మార్చారు, రెక్కల జోలికి పోబోతే త్రినాథ్, "అవి మిషను కట్టిన మేడమ్‌గారు సెట్ సేసినవి సార్, ముట్టుకుంటే ఊరుకోరు," అని అడ్డం పడ్డాడు. చివరికి ఈ లైను పనికిరాదని తేల్చారు. కట్టిన మనిషే వచ్చి ఒకసారి చూసి సంతకం చేస్తే పెట్టె ఊడదీసుకుపోతారు.

*

విశాలి ఆటో దిగి గట్టెక్కి వచ్చింది. కళ్ళజోడు వచ్చింది, కాస్త ఒళ్ళు చేసింది. వేలికి రెండు ఉంగరాలు.

"బాగున్నావా, త్రినాథ్?"

"బాగున్నాను మేడమ్. మీరు బాగున్నారా? పాప బాగుందా?"

మేడమ్ అనేసరికి ఆమె కళ్ళజోడు సర్దుకుంది. తరవాత, "బాగుంది. అల్లరి," అంది.

వచ్చే ముందు త్రినాథ్ చాలా అనుకున్నాడు. ఒట్టు గట్టున పెట్టి అడిగేద్దామనుకున్నాడు. ఆమె గడపలో అడుగు పెట్టేసరికి ఫ్లాస్కు కోసం తిరిగాడు. ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. ఆమె తాగుతూ గది కలయజూసింది. గోడకి పాత క్యాలెండరు, మూల తువ్వాలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, "చచ్చిపోయింది," అంది. మీటరు చూసింది. "వెలుగు నిండుగానే ఉంది. వాటం తిరిగిపోయింది."

రాత్రి వాన బాగా కురిసింది. కిటికీ ఊచలు ఇంకా తడిగానే ఉన్నాయి. విశాలి పెట్టె మూత నాలుగు మరలూ విప్పి తీసింది. మూత చేతిలో ఉండగానే లోపలికి వంగింది.

లోపల అరచేతి వెడల్పున గాజుపోగు చుట్ట ఉంది. దాని నడుముకి పసుపు దారాలు బిగించి కట్టి ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి, పసుపు నలుపెక్కి, చెమ్మకి ఉబ్బి, పోగుల్లోకి దిగబడి ఉన్నాయి.

"ఎవరు కట్టారివి?"

"నానే. దసరాకి."

"నాలుగున్నాయి."

"ఏడాదికోటి. తెంపకూడదంటాది మాయమ్మ. అందుకని పాతది ఉంచి కొత్తది కట్టినాను."

విశాలికి నవ్వొచ్చింది. "ఇంతమంది వచ్చి చూశారు, ఎవరూ అడగలేదా?"

"పూజదారం కదా మేడమ్. ఆల్లూ దణ్ణం ఎట్టుకుని మూత ఏసేసినారు."

ఆమె పగలబడి నవ్వింది. చున్నీ ఊపిన రోజుల్లోని నవ్వు అది. త్రినాథ్ ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందో. కళ్ళు తుడుచుకుంటూ ఆమె పాతరోజుల్లోలాగే చెప్పడం మొదలెట్టింది.

"నూలు తడిస్తే బిగుసుకుంటుంది. బిగుసుకుంటే పోగుని నొక్కుతుంది. నొక్కితే ఈ పాయలో వెలుగు అడ్డం తిరిగిపోతుంది. వంతెన నుంచి వచ్చిన పాయ నిలువుగా వస్తుంది. ఇంకేం తగులుతాయి? ఎండెక్కి దారం ఆరితే వదులవుతుంది, మళ్ళీ పని చేస్తుంది. అయ్యో త్రినాథ్, దీనికా నాలుగేళ్ళు! ఈ రెక్కలు కాస్త వంచినా సరిపోయేది కదా. ఎవరూ వంచలేదా?"

"వంచనివ్వలేదు."

"ఎందుకు?"

"నువ్వు పెట్టినకాడే ఉన్నాయి. అలగే ఉండాలనుకున్నాను."

నువ్వు అనేశాడు. అన్నాక వెనక్కి తీసుకోలేదు. విశాలి రెక్కల కేసి చూసింది. వాటి మీద దుమ్ము లేదు, వేలిముద్ర కూడా లేదు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. నెమ్మదిగా అడిగింది.

"మొదటి దారం ఏ దసరాకి కట్టావు?"

"నువ్వెల్లిపోయిన దసరాకి. నువ్వారోజు సెలవు."

"సిరిమానుకి ముందు."

"ఆ, సిరిమానుకి ముందు."

బయట కాలువలో ఎవరో గేదెల్ని తోలుతున్నారు. విశాలి చేతిలో మరమేకు అటూ ఇటూ తిప్పుతోంది.

"ఆ సోమవారం," అంది, "లారీలు వినిపించాయా నీకు?"

త్రినాథ్ బల్ల మీది హెడ్‌ఫోన్ల కేసి చూశాడు.

సోమవారం. సంత రోజు. తెల్లారి నుంచీ వంతెన మీద ధాన్యం లారీలు, ఎడ్లబళ్ళు, ఆటోలు, గొర్రెల మందలు. మామూలు సోమవారం హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చెవులు దిమ్మెక్కిపోతాయి. ఆ సోమవారం? ఒక్క లారీ నడవలేదు. ఒక్క చక్రం తిరగలేదు. గంటలకి గంటలు చెవుల్లో ఉత్త హోరు. అతను ఒక్క శబ్దం కోసం ఎంత చెవి పెట్టాడంటే, మిగతా లోకమంతా మాట పడిపోయిందన్న సంగతే పట్టలేదు. ఒక్క లారీ గుర్తొచ్చి ఉంటే చాలు. మూత తీసేవాడు. కాదు, మూత కూడా అక్కర్లేదు, సైకిలెక్కి పరుగెత్తేవాడు.

"నేదు," అన్నాడు. "ఏటీ వినపళ్ళేదు. లారీలు కూడా."

విశాలి తల వంచుకుంది.

"విశాలీ," అన్నాడు త్రినాథ్. నాలుగేళ్ళ తరవాత ఆ పేరు పైకి అనడం అదే. "ఒట్టేసినాను, తెలుసు. ఒక్కమాట అడుగుతాను. కొట్టినావా?"

ఆమె లేచి పెట్టె మీదికి వంగింది. దారాలు కోసెయ్యడానికి కత్తెర పక్కనే ఉంది, ముట్టుకోలేదు. గోళ్ళతో ఒక్కొక్క ముడీ విప్పింది. పై మూడూ తేలిగ్గానే వచ్చాయి. అడుగున మొట్టమొదటిది రాయిలా బిగుసుకుంది. పళ్ళ మధ్య పెదవి నొక్కిపెట్టి చాలాసేపు తంటాలు పడి, దాన్నీ తెగకుండా విప్పింది. నాలుగూ కలిపి అతని చేతిలో పెట్టింది. చుట్ట వదులైంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుని రెక్కల్ని ఒకటొకటిగా వంచసాగింది. త్రినాథ్ ఎప్పట్లాగే మొహమే చూశాడు. శ్రుతి కుదిరినప్పుడు తెలిసిపోయింది. కానీ ఈసారి ఆమె వెంటనే కళ్ళు తెరవలేదు.

"బండికి టైమవుతోంది," అంది హెడ్‌ఫోన్లు తీసి అతనికిస్తూ. "వెళ్తూ వంతెన దగ్గర లైను చూసి వెళ్తాను. నువ్వు విను."

ఆటో వెళ్ళిన చప్పుడు సన్నగిల్లింది. త్రినాథ్ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

లోకానికి మాట వచ్చింది. ఒక లారీ గర్జించుకుంటూ వంతెనెక్కి దిగింది. వెనకే ఎడ్లబండి గునగునలాడుతూ పోయింది. ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. గెడ్డలో నీళ్ళు వంతెన కాళ్ళని రాసుకుంటూ పోతున్నాయి. ఇదంతా ఆ రోజూ ఉంది, నాకే వినపళ్ళేదు అనుకున్నాడు త్రినాథ్. ఒక ఆటో వచ్చి ఆగింది. ఇంజను ఆగింది. అడుగులు. తరవాత కాసేపు ఏమీ లేదు, నీళ్ళు తప్ప.

తకిట తకధిమి.

మొదటిది మెల్లగా. రెండోది ఇంకాస్త గట్టిగా. ఆపైన ఆపకుండా, ఆవర్తం మీద ఆవర్తం, తకిట తకధిమి, తకిట తకధిమి. లైను చూడటానికి కొట్టే కొట్టుడు కాదది. లైను చూడటానికి ఇంతసేపు ఎవరూ కొట్టరు. అప్పుడు కొట్టింది కొట్టినట్టు, మొదటి నుంచి చివరిదాకా, అంతా మళ్ళీ చెప్తోంది. చివర్లో ఒక్క దెబ్బ విడిగా పడింది. ఆటో కదిలింది.

త్రినాథ్ ఏడ్చాడు. తెల్ల చొక్కా చేతులతో మొహం తుడుచుకుని ఏడ్చాడు. అవునన్నదని తెలిస్తే గుండె తేలికవుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. కాదన్నదని తెలిసినా ఇంత నొప్పి పుట్టేది కాదు.

అప్పుడు గుర్తొచ్చింది. విన్నావా, నువ్వు స్టేషనుకి వచ్చెయ్.

హెడ్‌ఫోన్లు బల్ల మీద పడేసి, తలుపు కూడా వెయ్యకుండా సైకిలు తీశాడు. గట్టు మీద గుంతలు లెక్కచెయ్యలేదు. వంతెన మీద ఎదురొచ్చిన లారీవాడు ఏదో తిట్టాడు, అదీ వినపళ్ళేదు. వెళ్ళి ఏం చేస్తాడో తెలీదు. ఆమెకి భర్త ఉన్నాడు, అల్లరి చేసే పాప ఉంది. ఆమెని తీసుకురావడానికి వెళ్ళడం లేదు. విన్నాక వస్తానని మాట ఇచ్చాడు, విన్నాడు, వెళ్తున్నాడు. అంతకు మించి ఆలోచించే శక్తి లేదు.

స్టేషన్లోకి అడుగు పెడుతుంటే బండి వచ్చి ఆగుతోంది. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీ మీంచి విశాలి లేచి నిలబడింది. అతన్ని చూసింది. చూసిన కళ్ళు చూసినట్టే ఉండిపోయాయి. జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. త్రినాథ్ పరుగున వెళ్ళి ఆమె ఎదట నిలబడ్డాడు. పిడికిట్లో పసుపు దారాలు ఇంకా అలాగే ఉన్నాయి.

"విన్నాను," అన్నాడు.

విశాలి తల ఊపింది. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"ఈ బెంచీ మీదే కూర్చున్నాను," అంది. "సైకిలు బెల్లు మోగితే తల తిప్పాను. ఎవరు గేటు తీసినా తల తిప్పాను. విన్నాడు, విని కూడా రాలేదు అనుకున్నాను. నేను శ్రుతి చేసిన లైను కదా, వినపడకపోవడమేమిటని నా పొగరు." గార్డు ఈల వేశాడు. ఆమె బోగీ ఎక్కి తలుపు దగ్గర ఊచ పట్టుకుని నిలబడింది. "ఆరోజు బండి రెండు గంటలు లేటు, త్రినాథ్. రెండు గంటలు."

"తెలుసు. ఆ రెండు గంటలూ నాను ఇంటానే ఉన్నాను."

ఆమె ఇంకేదో చెప్పబోయింది. ఊచ మీద ఆమె వేళ్ళు కదిలాయి, ఆగాయి. ఇంకొక్క అయిదు నిమిషాలుంటే ఏం చెప్పేదో త్రినాథ్‌కి తెలిసేది. కానీ ఇవాళ బండి సరిగ్గా టైముకి వచ్చింది, టైముకే కదిలింది.